సేఫ్ స్టాండింగ్ టికెట్ మీద మ్యాచ్ చూసొచ్చాం – శ్రీకాకుళం పీఈటీ మాస్టారి రివ్యూ

దీపావళి అయ్యాక నేనూ మా ఆవిడా లండన్‌లో హౌన్‌స్లోలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి సంక్రాంతి కూడా అక్కడే చేసుకుని వచ్చీసాం. వచ్చినకాడ్నుంచి ఏడు రోడ్ల జంక్షన్లో కనిపించిన ప్రతివాళ్ళూ బిగ్ బెన్ చూశారా, టవర్ బ్రిడ్జి ఎక్కారా అని అడుగుతున్నారు. చూశాం, బానే ఉన్నాయి. కానీ నేను కూర్చుని రాయాలనుకున్నది వాటి గురించి కాదు, అక్కడ ఒక ఫుట్‌బాల్ స్టేడియంలో రెండు గంటలు పట్టుకుని నిలబడ్డ ఒక ఇనప కడ్డీ గురించి. ముప్పై ఏళ్ళ పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్ళల్లో పీఈటీగా చేశాను, మండలం ఆటలు, జోనల్ ఆటలు, సంక్రాంతికి ఊళ్ళో వాలీబాల్ టోర్నమెంట్లు ఎన్ని చేయించానో లెక్కలేదు, ఆటగాళ్ళకి దెబ్బలు తగుల్తాయని నేనెప్పుడూ అంత భయపడలేదు, చూడ్డానికి వచ్చిన జనం గురించే భయపడేవాడ్ని. అందుకే ఆ కడ్డీ నాకు అంత పట్టింది.

మా అల్లుడు "మావయ్యగారూ, మీరు కాలేజీ టీములో ఆడినవారు, ఇంత దూరం వచ్చి ఒక్క మ్యాచ్ చూడకపోతే ఎలా" అని పట్టుబట్టి బ్రెంట్‌ఫర్డ్ క్లబ్ మ్యాచ్‌కి మూడు టికెట్లు సంపాదించాడు. అక్కడ ప్రీమియర్ లీగ్, అంటే వాళ్ళ అన్నిటికన్నా పెద్ద ఫుట్‌బాల్ లీగ్, దాని టికెట్ అంటే మనలాగ కౌంటర్ దగ్గరికెళ్ళి కొనుక్కోవడం ఉండదు, ముందు మెంబర్‌షిప్ తీసుకోవాలి, తర్వాత ఎప్పుడు అమ్మకానికి పెడతారా అని ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. చివరికి దొరికినవి వెస్ట్ స్టాండ్‌లో. "కాకపోతే ఇవి నిలబడి చూసే టికెట్లండి, సేఫ్ స్టాండింగ్ అంటారు, అత్తయ్యగారికి పర్లేదా" అన్నాడు.

మా ఆవిడ మొహం చూశాను. ఆవిడ పుట్టిల్లు విజయనగరం, మూడు లాంతర్లకి దగ్గర్లో. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, పూజారి చివర్న కూర్చునే ఆ పొడవాటి మాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కదా, ఆ వీధుల్లో జనం ఎలా ఉంటారో ఉత్తరాంధ్ర వాళ్ళకి చెప్పక్కర్లేదు. తనకి పదకొండేళ్ళప్పుడు ఆ జనంలో వాళ్ళ అప్ప చెయ్యి జారిపోయిందట, కాళ్ళు నేల మీద ఆనకుండానే జనమే తనని మోసుకుపోయారట, ఒక అరుగు మీద నిల్చున్నాయన జబ్బ పట్టుకుని పైకి లాగకపోతే ఏమయ్యేదో తెలీదంటుంది. ఇప్పటికీ పండక్కి వెళ్తాం, అమ్మవారికి దణ్ణం పెట్టుకుంటాం, కానీ సిరిమాను మాత్రం ఎవరింటి మేడ మీంచైనా చూస్తుంది గానీ వీధిలోకి దిగదు. పైగా అప్పటికి మన కాశీబుగ్గ గుడిలో జరిగింది జరిగి నెల కూడా కాలేదు. నవంబర్ 1, 2025, ఏకాదశి శనివారం, మెట్ల దగ్గర రెయిలింగ్ విరిగిపోయి తొక్కిసలాటలో 9 మంది పోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. అక్కడ లండన్‌లో టీవీలో ఆ వార్త చూస్తూ మేమిద్దరం ఆ రోజు అన్నం తినలేకపోయాం. అందుకని "నిలబడే టికెట్" అనే మాట వినగానే ఆవిడ వద్దనేస్తుందనుకున్నాను. ఒక్క నిమిషం ఊరుకుని "సేఫ్ అని రాశారు కదా, ఏటి సేఫో చూద్దాం" అంది.

మనకి నిలబడి చూడ్డం అంటే ఒకటే అర్థం. పాత సినిమా హాల్లో నేల టికెట్ లాగ చవక టికెట్, ఎవడు ముందు దూరితే వాడిది చోటు. గ్రౌండ్‌లో అయితే తాడు కట్టిన కాడికి ముందు వరసలో కూర్చున్నవాళ్ళు, వాళ్ళ వెనక నిల్చున్నవాళ్ళు, ఆ వెనక మోటర్‌సైకిళ్ళ మీద, ట్రాక్టర్ తొట్టి మీద, ప్రహరీ గోడ మీద. నేను వెళ్ళేటప్పుడు నా మనసులో ఉన్న బొమ్మ అదే.

హౌన్‌స్లోలో రైలెక్కితే నాలుగైదు స్టేషన్ల తర్వాత క్యూ బ్రిడ్జి, దిగగానే ఎదురుగానే స్టేడియం. 2020లో తెరిచారు, 17,250 మంది పడతారు, అక్కడి లెక్కలో చిన్నది. సీట్లు ఒకే రంగు కాకుండా రంగురంగులుగా కలిపి వేశారు, ఖాళీగా ఉన్నా నిండుగా కనిపిస్తుంది. పైన హీత్రూకి దిగే విమానాలు పోతూ ఉంటాయి. ఈ క్లబ్‌కి అంతకుముందున్న గ్రౌండ్ పేరు గ్రిఫిన్ పార్క్, నాలుగు మూలలా నాలుగు పబ్బులున్న గ్రౌండ్ అని పేరట, అక్కడ ఒక గోల్ వెనక 2020 దాకా పాత పద్ధతిలో నిలబడే మెట్లే ఉండేవి. 2021లో 74 ఏళ్ళ తర్వాత పెద్ద లీగులోకి వచ్చారు. లోపలికి వెళ్ళడం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, ఫోన్‌లో టికెట్ చూపించాం, గేటు తిరిగింది, బ్యాగు చూశారు, అయిపోయింది. తిండి ఖరీదు, మేం ఇంట్లోంచి పులిహోర తినేసి వెళ్ళాం.

ఇప్పుడు అసలు సంగతి. వెస్ట్ స్టాండ్ మెట్లెక్కి మా వరసకి వెళ్ళాక నేను చూసింది ఏమిటంటే, అక్కడా సీట్లున్నాయి. మడిచిపెట్టిన సీటు, సినిమా హాల్లోలాగ వదిలేస్తే పైకి లేచిపోతుంది, లేచాక చాలా సన్నగా వెనక్కి అతుక్కుపోతుంది, దాంతో నిలబడ్డానికి కావలసినంత చోటు వస్తుంది. ఆ సీటు వెనకవీపు పైన నడుం ఎత్తుకి ఇనప కడ్డీ, వరస ఈ చివర్నుంచి ఆ చివరి దాకా. అంటే నా ముందు వరస సీట్ల వెనక ఉన్న కడ్డీ నా చేతికి అందుతుంది, నా సీటు వెనక ఉన్న కడ్డీ నా వెనకవాడికి అందుతుంది. ముందొకటి, వెనకొకటి, మధ్యలో నేను. దీన్నే రైల్ సీట్ అంటారు. టికెట్ మీద వరస, నంబరు మామూలు సీటుకున్నట్టే ఉంటాయి, ఒక సీటుకి ఒక మనిషి, అంతే, నిలబడుతున్నారు కదా అని సీటుకి ఇద్దర్ని పంపరు. కూర్చోవాలనిపిస్తే సీటు దించుకుని కూర్చోవచ్చు, తాళం వెయ్యరు.

చెప్తే ఇంతే. కానీ నేను ఆ కడ్డీని రెండు చేతుల్తో పట్టుకుని గట్టిగా ఊపి చూశాను, అలవాటు అది, గోల్‌పోస్టుని కూడా మ్యాచ్‌కి ముందు అలాగే ఊపి చూసేవాడ్ని. కదల్లేదు. కాంక్రీటులోకి దిగ్గొట్టీసిన కాళ్ళు. నా పక్కనాయన నవ్వాడు.

ఆట మొదలైంది, మా ముందూ వెనకా అందరూ నిలబడే ఉన్నారు, పాటలు, చప్పట్లు, అరుపులు, ఆ గోల ఎలా ఉందంటే ఛాతీలో కొట్టుకుంటోంది. కూర్చుని అలాగ అరవలేం, ఒంట్లోంచి గొంతు రాదు, ఈ సంగతి ఆటలు ఆడించినవాడిగా నాకు తెలుసు, కూర్చున్న గుంటలు చూస్తారు, నిలబడ్డ గుంటలు ఆడతారు. ఇంగ్లండ్‌లో పెద్ద గ్రౌండ్లలో నిలబడి చూడ్డం ఆపేశాక జనం నిలబడతామని ముప్పై ఏళ్ళు ఎందుకు కొట్లాడారో ఆ మొదటి పది నిమిషాల్లోనే నాకు అర్థమైపోయింది.

గోల్ పడింది. దీని గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే నేను గోల్ చూడలేదు, జనాన్ని చూశాను. మన దగ్గర ఇలాంటి టైములో ఏమవుతుందో నాకు బాగా తెలుసు, వెనక వరసలో వాడు ఎగురుతాడు, ముందువాడి మీద పడతాడు, వాడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు, వాడు ఇంకా ముందువాడి మీద, అలాగ మెట్ల మీద కెరటం దిగినట్టు దిగుతారు, కిందున్నవాడు నలిగిపోతాడు. సీట్లున్న స్టేడియంలో అయితే ఇంకో ప్రమాదం, మామూలు సీటు వీపు మోకాలి ఎత్తుకే ఉంటుంది, నిలబడి ఎగిరినవాడికి మోకాలి కింద తగిలి ముందు వరసలోకి తలకిందులుగా పడతాడు. ఇక్కడ? ఐదారు వందల మంది ఒక్కసారి ఎగిరారు, కేకలు, పక్కవాళ్ళని కావిలించుకోవడం, మా పక్కనాయన నన్ను కూడా కావిలించుకున్నాడు, కానీ ఎగిరిన ప్రతివాడూ ఎగిరిన చోటే దిగాడు. ముందుకి ఒక్క వరస కూడా జరగలేదు. నడుం కడ్డీకి తగుల్తుంది, ఆగిపోతారు. కెరటం పుట్టే చోటే దాన్ని ఆపీసారు.

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ కడ్డీని పట్టుకున్న చెయ్యి వదల్లేదు, కానీ మొహంలో భయం లేదు. తర్వాత రైల్లో వస్తూ అంది, "ఇంతమంది మధ్య నిల్చున్నాను, ఒక్కడు నన్ను తగల్లేదండి". విజయనగరం ఆడపిల్ల అన్న మాట అది. నేను ఇచ్చే స్టార్ల కన్నా ఆ మాటే ఎక్కువ.

నా పక్కనాయన గురించి చెప్పాలి. డెబ్బై దాటి ఉంటాయి, గ్రిఫిన్ పార్క్‌లో చిన్నప్పట్నుంచీ నిలబడే చూశాడట. హాఫ్ టైములో మా అల్లుడు మధ్యలో ఉండి మాట చేరవేస్తే చాలాసేపు మాట్లాడుకున్నాం. నేను అడిగాను, ఇంత మంచి పద్ధతి ఉంటే ఇన్నాళ్ళు ఎందుకు ఆపారండీ అని. ఆయన ఒక్క మాటే అన్నాడు, హిల్స్‌బరో. అన్నాక కాసేపు గ్రౌండ్ వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చాక దాని గురించి చదివాను, రెండు రోజులు అదే పని. 1989 ఏప్రిల్ 15, షెఫీల్డ్‌లో హిల్స్‌బరో స్టేడియం, లివర్‌పూల్‌కీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్. లివర్‌పూల్ వాళ్ళకిచ్చిన వైపు బయట గేట్ల దగ్గర జనం పెరిగిపోతే పోలీసులు ఒక పెద్ద గేటు తెరిపించారు. లోపలికొచ్చిన జనానికి ఎదురుగా కనిపించేది ఒక సొరంగం లాంటి దారి, అది తిన్నగా మధ్యలో ఉన్న రెండు కంచెల దొడ్లలోకి పోతుంది, అవి అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. పక్క దొడ్లలో చోటుంది, కానీ అటు పంపేవాడు లేడు. ముందు గ్రౌండ్‌లోకి దిగకుండా ఇనప జాలీ. వెనక్కి పోలేరు, ముందుకి పోలేరు. లోపల ఒక అడ్డుకడ్డీ కూడా ఆ బరువుకి విరిగిపోయింది. 3 గంటలకి ఆట మొదలుపెట్టి 3 గంటల 6 నిమిషాలకి ఆపేశారు, అప్పటికే జనం నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఊపిరాడక పోతున్నారు. మొత్తం 97 మంది, చివరి ఆయన ఆ రోజు తగిలిన దెబ్బలతోనే ముప్పై రెండేళ్ళు బతికి 2021లో పోయాడు.

తప్పు జనానిదే, తాగొచ్చి తోసుకున్నారు అని అప్పుడు చెప్పీసారు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఇరవై ఏడేళ్ళు కొట్లాడితే 2016లో జ్యూరీ తేల్చింది, జనం తప్పేం లేదు, వీళ్ళు చట్టవిరుద్ధంగా చంపబడ్డారు అని. నాకు చదువుతూ ఉంటే కడుపులో తిప్పింది. ఎక్కడ తొక్కిసలాట జరిగినా మొదటి మాట అదే కదా, జనం ఎగబడ్డారు, జనానికి క్రమశిక్షణ లేదు. క్రమశిక్షణ నేర్పే ఉద్యోగం చేసినవాడిగా చెప్తున్నాను, చదరపు మీటరుకి ఆరేడుగురు నిండిపోయాక అక్కడ మనిషి ఇష్టం అంటూ ఏమీ ఉండదు, జనం నీళ్ళలాగ కదుల్తారు, వెనకవాడికి ముందేం జరుగుతోందో తెలీదు, ముందువాడు ఎంత అరిచినా వెనక్కి వినపడదు. ఆ పరిస్థితి రాకుండా చూడాల్సింది మెట్లు కట్టినవాళ్ళు, గేటు తీసినవాళ్ళు.

ఆ తర్వాత టేలర్ అనే జడ్జిగారు విచారణ చేసి 1990 జనవరిలో రిపోర్ట్ ఇచ్చారు, పై రెండు డివిజన్లలో స్టేడియాలన్నీ సీట్లు వెయ్యాల్సిందే అని దాన్ని బట్టే వచ్చింది, 1994 నుంచి అమలు. అయితే నిలబడ్డమే ప్రమాదం అని ఆయన అనలేదు, దాన్లో స్వతహాగా ప్రమాదం లేదని ఆ రిపోర్ట్‌లోనే ఉంది. అయినా సీట్లే మేలని రాశారు, ఆ రోజుల్లో ఆ గ్రౌండ్లున్న తీరుకి అది తప్పని నేనూ అనను. ముళ్ళకంచెలూ జాలీలూ పోయాయి, గ్రౌండ్లు బాగుపడ్డాయి. కానీ జనం నిలబడ్డం మానలేదు. సీట్ల ముందే మ్యాచ్ అయ్యేదాకా నిలబడేవారు, మోకాలి ఎత్తు సీట్ల మధ్య, పట్టుకోవడానికి ఏమీ లేకుండా. చట్టం ప్రకారం కూర్చున్నట్టు, నిజానికి నిలబడ్డట్టు, రెండింటికీ చెడ్డ పద్ధతి.

జర్మనీ వాళ్ళు మాత్రం నిలబడే చోటు తియ్యలేదు. డార్ట్‌మండ్ స్టేడియంలో ఒక్క దక్షిణం వైపు స్టాండ్‌లోనే ఇంచుమించు 25,000 మంది నిలబడి చూస్తారు, టికెట్ కూడా సామాన్యుడికి అందే ధరే. స్కాట్లండ్‌లో సెల్టిక్ క్లబ్ 2016లో రైల్ సీట్లు వేసింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రభుత్వం 2022 జనవరిలో ముందు ఐదు క్లబ్బులకి పరీక్షగా అనుమతిచ్చింది, చెల్సీ, మాంచెస్టర్ సిటీ, మాంచెస్టర్ యునైటెడ్, టాటెన్‌హామ్, కార్డిఫ్. మొదటి మ్యాచ్ జనవరి 2న చెల్సీ గ్రౌండ్‌లో, ఎదురు టీము లివర్‌పూలే. అక్కడి స్టేడియం భద్రతా సంస్థ మనుషుల్ని పెట్టి స్టడీ చేయించింది, గోల్ పడ్డప్పుడు జనం ముందుకి పడ్డం తగ్గిందని, స్టీవార్డులు, అంటే స్టేడియంలో జనాన్ని చూసుకునే సిబ్బంది, జనంలోకి వెళ్ళడం తేలికైందని తేలింది. ఆ ఏడాదే కొత్త సీజన్ నుంచి నియమాలకి సరిపోయే ఏ క్లబ్ అయినా పెట్టుకోవచ్చన్నారు, బ్రెంట్‌ఫర్డ్ అప్పుడే పెట్టింది.

ఒక్కటి మర్చిపోకూడదు. హిల్స్‌బరోలో పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాల్లో కొందరికి ఇది అస్సలు ఇష్టం లేదు, నిలబడే చోటు అనే మాటే వాళ్ళు వినలేరు. మిగతావాళ్ళలో మనసు మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు. లివర్‌పూల్ సొంత గ్రౌండ్ యాన్‌ఫీల్డ్‌లో కూడా 2021లోనే, నిలబడే అనుమతి ఇంకా రాకముందే, రైల్ సీట్లు వేశారు, ఏళ్ళ తరబడి అభిమానుల్తో, ఆ కుటుంబాలతో మాట్లాడాకే. నాకు ఇద్దరి మాటా న్యాయమే అనిపిస్తుంది. బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి కడ్డీ ఎంత గట్టిదో చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇక లోపాలు. ఇవి ఆ స్టేడియానివి కాదు, పద్ధతివి, ఎక్కడికెళ్ళినా ఉంటాయి.

మా ఆవిడ ఐదడుగులు కూడా ఉండదు. ముందు వరసలో ఆరడుగుల మనిషి ఉంటే సగం గ్రౌండ్ అతని వీపే. మెట్లు నిటారుగా ఉన్నాయి కాబట్టి ఆ సగమైనా కనిపించింది, చదునుగా ఉంటే అదీ లేదు. సీటు మీదెక్కి నిలబడకూడదు, పక్కవాడి చోట్లోకి పోకూడదు, అదే కదా ఈ పద్ధతికి ప్రాణం, కాబట్టి సర్దుబాటు కుదరదు. కాళ్ళు నొప్పి పుట్టి సీటు దించుకుని కూర్చుంది, కూర్చుంటే కడ్డీలు, నడుములు తప్ప ఏం కనిపించలేదు. కాబట్టి కూర్చోవచ్చు అన్నమాట కాగితం మీద నిజమే గానీ ఊపిరి తీసుకోవడానికే అది, ఆట చూడ్డానికి కాదు. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు, పొట్టిగా ఉన్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మామూలు సీటే తీసుకోండి, లేదా ముందు వరసలు దొరికితేనే ఇటు రండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకి చోటు ఎక్కడిచ్చారో కూడా ఇలాంటి స్టాండ్ కట్టేటప్పుడే చూసుకోవాలి, ముందువాళ్ళంతా లేచి నిలబడితే వాళ్ళకి ఆకాశం తప్ప ఏమీ మిగలదు.

రెండోది ధర. నిలబడితే చవకేమో అనుకుంటాం, జర్మనీలో అలాగే. ఇంగ్లండ్‌లో ఒక సీటుకి ఒక మనిషే అని నియమం కాబట్టి అదనంగా ఒక్కడు కూడా పట్టడు, ధర తగ్గించడానికి క్లబ్బులకి కారణం కనిపించదు. కూలి పని చేసుకునే కుర్రాడు నిలబడైనా చూసుకుంటాడులే అనే పాత రోజులు ఈ కడ్డీతో తిరిగి రాలేదు. అది నాకు బాధగానే ఉంది, ఎందుకంటే ఆ ఆట బతికింది వాళ్ళ వల్లే.

చలి గురించి ఒక మాట, నవంబరులో వెళ్ళేవాళ్ళు రెండు జతల మేజోళ్ళు వేసుకోండి, కాంక్రీటు మీద నిలబడితే చలి పాదాల్లోంచి ఎక్కుతుంది, ఇనప కడ్డీ చేతులు కాల్చినంత చల్లగా ఉంటుంది, గ్లౌజులు తప్పనిసరి. బీరు అలవాటున్నవాళ్ళు లోపల వరండాలోనే తాగాలి, గ్రౌండ్ కనిపించే చోటికి గ్లాసు తేకూడదని అక్కడ 1985 నాటి చట్టం.

5కి నేను 4 ఇస్తున్నాను. ఆ ఒక్కటీ తీసింది పొట్టివాళ్ళ కోసం, ధర కోసం. భద్రతకి మాత్రం 5కి 5.

మన దేశంలో ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్ళి పోయినవాళ్ళు లేరనుకోకండి. 1980 ఆగస్టు 16, కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో గ్యాలరీలో కొట్లాట, తొక్కిసలాట, 16 మంది అభిమానులు ఇంటికి రాలేదు. నేను అప్పుడు కుర్రాడ్ని, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో సాయంత్రం బంతి ఆడుకుంటుంటే మా సీనియర్ పేపర్ తెచ్చి చదివాడు, ఆ రోజు ఎవరం ఆడలేదు.

మేం తిరిగొచ్చిన కొద్దిరోజులకే రథసప్తమి. అరసవల్లి వెళ్ళాం, ఎప్పుడూ వెళ్ళేదే. క్యూలైన్లో నిలబడగానే నా చెయ్యి దానంతటదే పక్కనున్న బారికేడ్ మీదికి పోయింది, ఊపి చూశాను. మా ఆవిడ కూడా అదే చేస్తోంది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం గానీ ఏం మాట్లాడుకోలేదు. బారికేడ్ మన పక్కల్ని కాస్తుంది, ముందుకీ వెనక్కీ మధ్య ఏదీ ఉండదు, తోపు వచ్చేదేమో వెనకనుంచి. ఈ తేడా ఇన్నేళ్ళు నాకే తట్టలేదు, నేను కట్టించిన తాళ్ళూ కర్రలూ అన్నీ పక్కలకే. గుడి క్యూలో మనిషికో కడ్డీ కుదరదు, జనం నడవాలి కదా, అది నాకూ తెలుసు. కానీ జనం కదలకుండా నిలబడి చూసే చోట్లున్నాయి, సిరిమాను తిరిగే దారిలో మెట్ల అరుగులు, ఆటల గ్యాలరీలు, మీటింగుల మెట్లు, అక్కడెందుకు కుదరదు?

నేను చివర్లో పనిచేసిన స్కూల్‌కి గ్రౌండ్ పక్కన నాలుగు సిమెంటు మెట్లున్నాయి, మండలం ఆటలప్పుడు గుంటలంతా దాని మీదే. ఒకసారి కబడ్డీ ఫైనల్లో పై మెట్టు నుంచి కింద దాకా గుంటలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు, ఏడో తరగతి పాపకి మణికట్టు విరిగింది, నేను అక్కడే విజిల్ పట్టుకుని ఉన్నాను. ఆ పాప ఇప్పుడు నర్సు, కనిపిస్తే "మాస్టారూ" అని దణ్ణం పెడుతుంది, నాకు మాత్రం ఆ చెయ్యే కనిపిస్తుంది.

మొన్న హెడ్మాస్టర్ గారితో మాట్లాడి మా వీధిలో గేట్లూ గ్రిల్లులూ చేసే వెల్డర్ కుర్రాడ్ని తీసుకెళ్ళాను, వాడూ నా దగ్గర చదువుకున్నవాడే. ఫోన్‌లో తీసిన ఫోటోలు చూపించాను, బ్రెంట్‌ఫర్డ్ కడ్డీ దగ్గర్నుంచి, కాళ్ళు కాంక్రీటులోకి దిగిన చోటు దగ్గర్నుంచి. వాడు టేపు తీసి "ఎత్తెంత పెట్టమంటారు మాస్టారూ" అన్నాడు. నా నడుం చూపించబోయి ఆగాను. ఆరో తరగతి గుంటకి నా నడుం ఎత్తంటే పీక దగ్గరికి వస్తుంది, పదో తరగతి వాడికి సరిపోతుంది. అప్పుడు వాడే అన్నాడు, రెండు పైపులు వేద్దాం, ఒకటి పెద్దోళ్ళకి, ఒకటి కింద చిన్నోళ్ళకి, చిన్నోళ్ళని కింది మెట్ల మీదే నిలబెట్టండి, వాళ్ళకి కనిపిస్తుంది కూడా అని. లండన్‌లో మా ఆవిడకి కనిపించని ఆట సంగతి నేను వాడికి చెప్పలేదు, దానికి జవాబు వాడే చెప్పాడు.

పైపులకి డబ్బు నా పెన్షన్లోంచి కొంత, పాత విద్యార్థులు కొంత వేసుకున్నారు. ముందు రెండో మెట్టుకి ఒక్క వరస వేశాం, కాళ్ళు సిమెంటులో అడుగున్నర లోతుకి దించి వారం నీళ్ళు పట్టాం. ఇంకా రంగు వెయ్యలేదు. నిన్న సాయంత్రం వెళ్ళేసరికి ఇంటర్వెల్‌లో గుంటలు వరసగా దాని మీద చేతులు వేసుకుని నిలబడి కోకో చూస్తున్నారు. వెళ్ళి ఊపి చూశాను. కదల్లేదు.